ముప్ఫై ఎనిమిది సెకన్ల ఫోన్: థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఒక రాత్రి

పేషెంట్ 42 ఏళ్ల మహిళ. మెడ ముందు గడ్డ పదేళ్లుగా పెరుగుతూ వచ్చింది. ముద్ద మింగేటప్పుడు అడ్డు తగలడం, వెల్లకిలా పడుకుంటే ఊపిరి చాలకపోవడం మొదలయ్యాక మా దగ్గరికి వచ్చింది. సూది పరీక్షలో కేన్సర్ ఆనవాళ్లు లేవు. గడ్డ రెండు వైపులా ఉంది కాబట్టి థైరాయిడ్ మొత్తం తీసేద్దామని నిర్ణయించాం. ఆపరేషన్ చేసింది నేనే. గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో, నూటయాభై పడకల ప్రైవేటు ఆసుపత్రిలో జనరల్ సర్జన్‌ని. ఆమె, ఆమె భర్త సరేనన్నాకే ఇది రాస్తున్నాను. మనిషి ఆనవాలు పట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆపరేషన్ సాయంత్రం నాలుగుంపావుకి అయిపోయింది. మూసే ముందు తల వైపు బల్ల వంచి, మత్తు డాక్టర్ గారితో ఊపిరితిత్తుల్లోకి గాలి ఒత్తి పట్టించి, ఎక్కడైనా నెత్తురు ఊరుతోందేమో చూశాం. ఎక్కడా లేదు. స్వరానికి వెళ్లే నరాలు రెండూ కనపడ్డాయి. లోపల ఊరే నెత్తురు బయటి డబ్బాలోకి వచ్చేలా డ్రెయిన్ గొట్టం ఒకటి పెట్టి కుట్లు వేశాను. ఏడింటికి వార్డుకి మార్చాం. ఇక్కడిదాకా ఈ కేసులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇప్పుడు మళ్లీ చేసినా ఇలాగే చేస్తాను.

రాత్రి 10:50కి వార్డు సిస్టర్ ఫోన్ చేసింది. ఆ రోజు నాది అయిదో కేసు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాను.

"సార్, మీ థైరాయిడ్ పేషెంట్ మెడ మీద ఎవరో చెయ్యేసి నొక్కుతున్నట్టుంది అంటోంది సార్."

"డ్రెయిన్‌లో ఎంతుంది?"

"ఇరవై ఎం.ఎల్. సార్."

"శాచురేషన్?"

"తొంభై ఎనిమిది సార్. బీపీ మాత్రం 160..."

"నొప్పికి బీపీ పెరగదా? పారాసిటమాల్ పెట్టండి. ఆపరేషన్ చేసిన మెడ బిగుతుగా ఉండక ఎలా ఉంటుంది? ప్రతిదానికీ ఫోన్ చేస్తే మీరంతా అక్కడ ఉండి ఎందుకు?"

పెట్టేశాను. తర్వాత ఫోన్‌లో చూసుకుంటే ఆ కాల్ 38 సెకన్లు. అందులో నేను పేషెంట్ గురించి అడిగినవి రెండే ప్రశ్నలు. ఆ రెండూ ఈ జబ్బులో నమ్మకూడని ప్రశ్నలే.

ఎందుకు నమ్మకూడదో ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. వార్డుల్లో పనిచేసే పిల్ల డాక్టర్లు ఇది చదువుతారని ఆశ. థైరాయిడ్ తీసిన చోట నెత్తురు గూడు కట్టడం వందలో ఒకరిద్దరికి జరుగుతుంది. చాలావరకు మొదటి 24 గంటల్లో, అందులోనూ మొదటి ఆరు గంటల్లో ఎక్కువ. మెడలో ఆ చోటు ఇరుకు. కండరాలు, వాటి మీది పొర బిగించి కుట్టేసి ఉంటాం. లోపల నెత్తురు చేరితే ముందు నొక్కుకుపోయేది శ్వాసనాళం కాదు, గొంతు నుంచి నెత్తురు వెనక్కి తీసుకెళ్లే సిరలు. దాంతో స్వరపేటిక లోపలి పొర వాచిపోతుంది. దారి లోపలి నుంచే మూసుకుపోతుంది. ఇందుకు లీటర్ల నెత్తురు అక్కర్లేదు. డ్రెయిన్ ఉంది కదా అని ధైర్యపడటానికి లేదు. గడ్డ కట్టిన నెత్తురు దాని మూతికి అడ్డం పడితే డబ్బాలో ఇరవై దాటదు. శాచురేషన్, అంటే నెత్తురులో ఆక్సిజన్ శాతం, అన్నిటికన్నా చివర పడుతుంది. అది పడేదాకా ఆగితే చేయగలిగింది తక్కువ. ముందు కనపడేవి వేరే: మెడ బిగుసుకుపోతోందనడం, గొంతు మారడం, మింగలేకపోవడం, పడుకోనని లేచి కూర్చోవడం, కారణం తెలియని కంగారు. ఆ సిస్టర్ ఫోన్‌లో మొదటి వాక్యంలోనే చెప్పింది వీటిలో మొదటిది. ఈ సంగతి నేను పీజీలకి పాఠం చెప్పినవాణ్ణి. తెలియక జరిగింది కాదు.

11:25కి ఆమె మంచం మీద లేచి కూర్చుంది. పడుకోమంటే చేత్తో వద్దని సైగ చేసింది. గొంతు ముద్దగా వస్తోంది. సిస్టర్ ఈసారి నాకు చేయలేదు. డ్యూటీ డాక్టర్‌ని పిలిచింది. ఆ అమ్మాయి ఎంబీబీఎస్ అయి ఏడాదిన్నర. 11:35కి వచ్చింది. మెడ చుట్టూ నేను వేయించిన దళసరి డ్రెస్సింగ్ వల్ల వాపు బయటికి కనపడలేదు. విప్పి చూసేసరికి చర్మం తళతళలాడుతోంది. నాకు ఫోన్ చేసింది. మొదటి కాల్ నేను ఎత్తలేదు. రెండోది ఎత్తాను.

"సారీ సార్, ఇంత రాత్రప్పుడు డిస్టర్బ్ చేస్తున్నాను సార్, పడుకున్నారా సార్..."

ప్రాణం మీదికొచ్చిన పేషెంట్ పక్కన నిలబడి ఒక డాక్టర్ మొదట చెప్పాల్సివచ్చిన మాటలు ఇవి. ఆ భయం ఆమెకి పుట్టుకతో వచ్చింది కాదు, మా వార్డులో నేర్చుకున్నది. తర్వాత విషయం చెప్పి, "కుట్లు తీసేయమంటారా సార్?" అని అడిగింది. సరైన ప్రశ్న. నేనన్నది: "ఏదీ ముట్టుకోకండి, నేను వస్తున్నాను."

మా ఇంటి నుంచి ఆసుపత్రికి పదిహేను నిమిషాలు.

నాకంటే ముందు మత్తు డాక్టర్ గారు వచ్చారు. ఆయన క్వార్టర్స్‌లోనే ఉంటారు. సిస్టర్ తనంతట తానే ఆయనకి ఫోన్ చేసిందట. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికే ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు వినపడుతోంది, పెదాలు నీలంగా ఉన్నాయి. డ్రెస్సింగ్ ట్రాలీ మీది కత్తెర తీసుకుని, "తియ్యమ్మా, నేనున్నాను" అని డ్యూటీ డాక్టర్ చేతికిచ్చారు. అప్పటికి 11:55. పై కుట్లు, వాటి కింద కండరాల కుట్లు కోయగానే గుప్పెడు నెత్తురు గడ్డ బయటికి వచ్చింది. నేను లిఫ్ట్ దిగేసరికి ఆమె ఊపిరి తీస్తోంది. గొంతులో వాపు దిగలేదు కాబట్టి శ్వాసనాళంలోకి ట్యూబు వేయడం కష్టమైంది. మూడో ప్రయత్నంలో సన్నది, ఆరో నంబరుది వెళ్లింది. థియేటర్‌లో చూస్తే కుడివైపు పైకొసన ఉన్న ధమని కొమ్మ ఒకటి, కట్టిన ముడి జారి, నెత్తురు చిమ్ముతోంది. మత్తు దిగేటప్పుడు గట్టిగా దగ్గితే ఇలా జరుగుతుంది. మూడోరోజు ట్యూబు తీశాం, తొమ్మిదోరోజు ఇంటికి వెళ్లింది. గొంతు బొంగురు రెండు నెలలుంది. మెదడుకి దెబ్బ తగల్లేదు.

మొదటి ఫోన్ నుంచి కత్తెర పడేదాకా అరవై అయిదు నిమిషాలు.

"ఏదీ ముట్టుకోకండి" అన్నది ఆ క్షణంలో నోరుజారి వచ్చిన మాట కాదు. అంతకు మూడు నెలల ముందు వేరే డ్యూటీ డాక్టర్ ఒకతను నా హెర్నియా పేషెంట్ గాయంలో నీరు చేరిందని ఒక కుట్టు తీశాడు. అతను చేసింది తప్పు కాదు. కానీ నాకు చెప్పకుండా తీశాడని రౌండ్స్‌లో, పేషెంట్ల ముందు, వాళ్ల బంధువుల ముందు అతన్ని నిలబెట్టి దులిపేశాను. అతను వెళ్లిపోయాడు. మాట మాత్రం వార్డులో మిగిలింది. కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజే చెప్పేవారట: ఆ సార్ కుట్ల జోలికి పోవద్దు. ఇది నాకు చెప్పింది వార్డు బాయ్, ఈ సంఘటన అయిన నెల తర్వాత.

మా వృత్తిలో ప్రవర్తన నియమాలు అనగానే మందుల కంపెనీల బహుమతులు, కమీషన్లు, ప్రకటనలు గుర్తొస్తాయి. అవి ముఖ్యం కాదని అనను. మెడికల్ కౌన్సిల్ 2002 నాటి నియమాల్లో వాటికి చాలా చోటుంది. (2023 ఆగస్టులో, ఆ కౌన్సిల్ స్థానంలో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ కొత్తవి తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టింది కాబట్టి ఇప్పటికీ నడుస్తున్నవి ఆ 2002వే.) వాటిలోనే పేషెంట్‌ని నిర్లక్ష్యం చేయకూడదని కూడా ఉంది. నేను అది ఎన్నడూ నాకు వర్తిస్తుందనుకోలేదు. రోజుకి రెండుసార్లు రౌండ్స్ చేస్తాను, ఫోన్ స్విచాఫ్ చేయను. కానీ ఫోన్ ఎత్తి, ఎదుటివాళ్లు రెండోసారి చేయడానికి జంకేలా మాట్లాడితే, స్విచాఫ్ చేసినదానికి దానికి తేడా ఏముంది? ఆ రాత్రి సిస్టర్ 11:25కి నన్ను కాకుండా వేరేవాళ్లని వెతికింది. అదృష్టం బాగుండి దొరికారు.

ఇక తెల్లవారుజామున రెండింటి సంగతి. దీన్ని దాటేసి రాయొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ ఇది లేకపోతే మిగతాది రాసి ప్రయోజనం లేదు.

థియేటర్ నుంచి వచ్చి ఐసీయూ బయట కేస్ షీట్ తెరిచాను. నర్సింగ్ నోట్సులో ఇలా ఉంది: "10:50 – మెడ బిగుతుగా ఉందని పేషెంట్ చెప్పింది. సర్జన్ గారికి ఫోన్‌లో తెలియజేశాం. పారాసిటమాల్ సూచించారు." దాని కింద ఒక గీత ఖాళీగా ఉంది. సిస్టర్‌ని పిలిచి, చాలా మామూలు గొంతుతో, "ఇక్కడ పూర్తిగా రాయలేదు కదమ్మా. గొంతులో మార్పు లేదు, వాపు లేదు అని ఒక లైను కలుపు" అన్నాను.

ఆమె పెన్ను తీయలేదు. "సార్, అప్పుడు నేను డ్రెస్సింగ్ విప్పి చూడలేదు సార్," అంది. నా మొహంలోకి చూడలేదు. కేస్ షీట్ వైపే చూస్తూ చెప్పింది.

నేను ఇంకో మాట అనలేదు. అంటే రాసేదేమో. రాస్తే ఆ లైను ఆమెని జీవితాంతం పట్టుకునేది, నన్ను కాదు. దురుసుగా మాట్లాడేవాడు తర్వాత రికార్డు దిద్దమనేదాకా వెళ్లడానికి ఎంత దూరం లేదో ఆ ఖాళీ గీత దగ్గర నాకు తెలిసింది. రెండు సందర్భాల్లోనూ నేను వాడినది ఒకటే: నాకు ఎదురు చెప్పే ధైర్యం ఆమెకి ఉండదన్న ధీమా.

కేస్ షీట్‌లో తప్పు పడితే ఏం చేయాలో మనందరికీ తెలుసు. పాత రాత చదవగలిగేలా ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ, టైము, సంతకం. ఆలస్యంగా రాస్తే, ఆలస్యంగా రాస్తున్నానని రాయాలి. వైట్‌నర్ అక్కర్లేదు, కొత్త కాగితం అక్కర్లేదు. పేషెంట్ తరఫువాళ్లు అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని నియమం. మార్చిన కాగితం కోర్టులో మనకే ఎదురు తిరుగుతుందని లాయర్లు భయపెడతారు, అదీ నిజమే. ఆ రాత్రి నేను రాసింది: "రాత్రి 2:20, ఆలస్యపు నమోదు. 10:50కి సిస్టర్ ఫోన్‌లో మెడ బిగుతు గురించి చెప్పారు. నేను వచ్చి చూడలేదు. 11:35 తర్వాత డ్యూటీ డాక్టర్ కుట్లు తీయడానికి అనుమతి అడిగారు. నేను రాకముందు తీయవద్దని చెప్పాను." కింద సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు.

ఉదయం ఎనిమిదింటికి బంధువులతో మాట్లాడాలి. అడ్మినిస్ట్రేటర్ ముందే నా గదికి వచ్చి, "కాంప్లికేషన్ అని చెప్పండి సార్, అంతకు మించొద్దు. ఏదీ ఒప్పుకోవద్దు" అన్నారు. ఆయన ఉద్యోగం ఆయనది. క్షమాపణ చెబితే అది తప్పు ఒప్పుకున్నట్టు కాదని డాక్టర్లకి రక్షణ ఇచ్చే ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు. 1995లో సుప్రీంకోర్టు వైద్య సేవల్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చినప్పటి నుంచి ఈ భయం మా అందరి గదుల్లోనూ ఉంది. నేను రెండు విషయాలు విడదీసి చెప్పాలనుకున్నాను. నెత్తురు కారడం ఎవరి చేతిలోనైనా జరగొచ్చు. గంట ఆలస్యం మాత్రం నాది.

భర్త వరి రైతు. ఆమె అన్నగారు కూడా ఉన్నారు. నేను చెప్పింది మొత్తం విని అన్నగారు, "రాత్రి సిస్టరమ్మ మీకు ఫోన్ చేయడం మేం చూశామండి. మీరు తిట్టినట్టున్నారు, ఆవిడ మొహం చిన్నబోయింది," అన్నారు. వాళ్లకి ముందే తెలుసు. నేను ఏదో కథ చెప్పి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

భర్త అడిగింది వేరే. "ఇలా జరగొచ్చని ముందు చెప్పలేదేంటండీ?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఓపీలో నేను వాళ్లతో అన్నది, "చిన్న ఆపరేషనే, టెన్షన్ పడకండి, మూడోరోజు ఇంటికెళ్లిపోతారు." ధైర్యం చెప్పాననుకున్నాను. పేషెంట్ పరిస్థితిని పెంచీ చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదని అదే నియమాల్లో ఉంది. తగ్గించి చెప్పడం కూడా తప్పేనన్న సంగతి మనకి పట్టదు, ఎందుకంటే అది విన్నప్పుడు పేషెంట్ నవ్వుతారు. అంగీకార పత్రం తీసి చూశాను. ఇంగ్లీషులో అచ్చేసినది. కింద సంతకం భర్తది. ఆమెది లేదు. డిగ్రీ చదివిన మనిషి, పూర్తి స్పృహలో మంచం మీద కూర్చుని ఉండగా, ఆమె మెడ కోయడానికి సంతకం భర్త చేత పెట్టించాం. ఎవరూ ఏమీ అనుకోలేదు, ఆమెతో సహా. మా వైపు ఆసుపత్రుల్లో ఇది మామూలు.

ఇది మామూలు కావడానికి లేదని 2008లోనే సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ 44 ఏళ్ల మహిళకి పొట్టలో కెమెరా పెట్టి చూడటానికి మత్తిచ్చి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. వయసొచ్చి, నిర్ణయం తీసుకోగల మనిషికి బదులు తల్లి ఒప్పుకుంటే చాలదని కోర్టు అంది. ఏం చేయబోతున్నారు, వచ్చే పెద్ద ప్రమాదాలేంటి, వేరే దారులున్నాయా, చేయకపోతే ఏమవుతుంది, ఇవన్నీ ఆమెకే చెప్పాలి. ఈ తీర్పు నేను చదివాను. డాక్టర్ల కోసం పెట్టే ఒక శిక్షణ సదస్సులో (సీఎంఈ) దాని గురించి మాట్లాడాను కూడా.

ట్యూబు తీశాక మర్నాడు ఆమెతో విడిగా మాట్లాడాను. గొంతు రావడంలేదు, పలక మీద రాసింది: "ఆ పిల్ల డాక్టర్ పేరేంటి?" పేరు చెప్పాను. నా గురించి ఏమీ రాయలేదు.

వెంటిలేటర్ ఖర్చు వాళ్ల మీద వేయొద్దని యాజమాన్యాన్ని అడిగాను. సగం తగ్గించారు. నా ఫీజు నేను తీసుకోలేదు. వాళ్లు కేసు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నేను అడగలేదు, నిజం చెప్పినందుకేనని చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. పెట్టి ఉంటే నేను రాసిన ఆ నాలుగు లైన్లే నాకు వ్యతిరేకంగా నిలబడేవి. అయినా అవే రాయాలి.

రెండు వారాల తర్వాత, జరిగినదాని మీద ఆసుపత్రి కమిటీ కూర్చుంది. సంగతి వేగంగానే సిస్టర్ మీదికి మళ్లింది. మళ్లీ ఎందుకు ఫోన్ చేయలేదు? డ్రెస్సింగ్ విప్పి ఎందుకు చూడలేదు? ఆమెకి మెమో ఇవ్వాలని ఒకరన్నారు. రాత్రి వార్డులో ఆమె, ఇంకో ట్రైనీ కలిసి ఇరవై ఎనిమిది మందిని చూస్తున్నారు. ఎప్పుడూ ఎక్కువ మాట్లాడని మత్తు డాక్టర్ గారు అప్పుడు అన్నారు: "ఆమె ఫోన్ చేసింది. ఎవరికి చేయాలో వాళ్లకే చేసింది. మెమో ఇవ్వాలంటే ఆ ఫోన్ ఎత్తినవాళ్లకి ఇవ్వండి." గదిలో అందరూ బల్ల వైపు చూశారు. తోటి డాక్టర్ పద్ధతి బాగాలేనప్పుడు భయం, మొహమాటం లేకుండా బయటపెట్టాలని మా నియమాల్లో ఒక వాక్యముంది. దాన్ని నా మీద వాడగా చూడటం అదే మొదలు. బాధేసింది. ఆయనతో వారం రోజులు సరిగా మాట్లాడలేదు. తర్వాత సర్దుకుంది. మెమో నాకే ఇచ్చారు.

ఒక సీనియర్ మిత్రుడి వాదన కూడా రాయాలి, ఎందుకంటే చాలామందిది అదే. "మనల్ని మన గురువులు ఇంతకన్నా తిట్టారు. ఆ భయంతోనే పని నేర్చుకున్నాం. సుతిమెత్తగా ఉంటే వార్డు నడవదు," అంటాడు. నేనూ అలా నేర్చుకున్నవాణ్ణే. కానీ ఆ భయంతో నేను నేర్చుకున్నదేంటో వెనక్కి చూసుకుంటే, పనితోపాటు ఇంకోటి ఉంది: గురువుగారికి చెడు వార్త ఎలా ఆలస్యంగా చెప్పాలో, ఎలా చిన్నది చేసి చెప్పాలో. కచ్చితంగా ఉండటానికీ, కసరడానికీ సంబంధం లేదు. నాకు తెలిసిన అత్యంత కచ్చితమైన మనిషి ఆ మత్తు డాక్టర్ గారే, ఆయన గొంతు పెంచగా నేను వినలేదు.

మార్చినవి కొన్ని. మెడ ఆపరేషన్ అయిన ప్రతి పేషెంట్ మంచానికి ఒక చిన్న డబ్బా వేలాడుతుంది: కత్తెర, ఆర్టరీ ఫోర్సెప్స్ (రక్తనాళాన్ని పట్టి ఆపే పటకారు), గాజ్ గుడ్డ. దళసరి డ్రెస్సింగ్ మానేశాం, గాయం కనపడేలా సన్నది వేస్తున్నాం. 2022లో బ్రిటన్ మత్తు డాక్టర్ల, సర్జన్ల సంఘాలు కలిసి ఇచ్చిన పద్ధతిని తెలుగులో రాసి వార్డులో అంటించాం: డ్రెస్సింగ్ తీయి, కుట్లు కోయి, చర్మం తెరువు, కండరాలు తెరువు, గాజ్ గుడ్డ పెట్టు. అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం నేను ప్రతి కేస్ షీట్‌లో చేత్తో రాసి సంతకం పెట్టే లైను: "పై లక్షణాలతో ఊపిరి ఇబ్బంది ఉంటే కుట్లు తీసేయండి. నాకు ఫోన్ తర్వాత." గోడ మీద కాగితం చూసి ఎవరూ ఒక సీనియర్ కుట్లు కోయరు. ఆయన సంతకం చూసి కోస్తారు. సర్జన్ రాకపోయినా, మాట సరిగా వినకపోయినా, సిస్టర్ నేరుగా మత్తు డాక్టర్‌ని పిలవొచ్చు, ఎవరూ కారణం అడగకూడదు. అంగీకార పత్రం తెలుగులోకి వచ్చింది. సంతకం పేషెంట్‌ది, పక్కన బంధువుది సాక్షిగా.

నా నోటి సంగతి ఇంత తేలిగ్గా మారలేదు. కిందటి వేసవిలో థియేటర్‌లో ఏసీ ఆగిపోయినప్పుడు టెక్నీషియన్ మీద మళ్లీ అరిచాను. సాయంత్రం వెళ్లి సారీ చెప్పాను. ఒకప్పుడు అదీ ఉండేది కాదు. ఫోన్ విషయంలో మాత్రం ఒక అలవాటు చేసుకున్నాను. రాత్రి కాల్ వస్తే మొదటి మాటగా "చెప్పమ్మా, ఏం కనపడింది?" అంటాను, పెట్టేసే ముందు "ఇంకేమన్నా ఉందా?" అని అడుగుతాను. ఆ రెండో ప్రశ్నకి వచ్చే జవాబులోనే చాలాసార్లు అసలు సంగతి ఉంటుంది. ఆ రాత్రి "బీపీ మాత్రం 160..." అని ఆగిపోయిన వాక్యంలో ఆమె ఇంకేం చెప్పబోయిందో నేను తర్వాత అడిగాను. "పేషెంట్ పడుకోవడానికి ఇష్టపడటంలేదు సార్, అని చెప్దామనుకున్నాను," అంది.

డ్యూటీ డాక్టర్ ఇప్పుడు జనరల్ సర్జరీలో పీజీ చేస్తోంది. సిస్టర్ ఆర్నెల్లకి రాజీనామా చేసి హైదరాబాద్ వెళ్లిపోయింది. కాగితంలో సొంత కారణాలు అని రాసింది. కేస్ షీట్ దగ్గర ఆ రాత్రి నేను అడిగినదానికి ఆమెకి సారీ చెప్పానుగానీ, నర్సింగ్ స్టేషన్‌లో నిలబడి, మధ్యలో ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ తిరుగుతుండగా, హడావిడిగా చెప్పాను. ఆమె "పర్లేదు సార్" అని ఇంజెక్షన్ ట్రే తీసుకుని వార్డులోకి వెళ్లింది.